మెరుగు పెట్టి ముద్ర చెరిపేశారు

ఇప్పటి కుర్రాళ్ల చేతికి పాత చాకు దొరికితే ముందు ఫోన్ తీసి ఫొటో కొడతారు. ఆ తర్వాత అడిగేది ఒకటే: "తాతగారూ, ఎంత పలుకుతుంది?" ఎవరు చేశారు, ఏ కాలంలో చేశారు అన్నది ఎవడిక్కావాలి!

మా రోజుల్లో బేరం ఆఖర్న వచ్చేది. జుమ్మేరాత్ బజార్లో చాకు కంటబడితే, విప్పి, పిడికి ఆనుకుని పదును పెట్టని చోట భూతద్దం పెట్టి, ఎండకు ఏటవాలుగా తిప్పేవాళ్లం. తిన్నగా చూస్తే తుప్పు తప్ప ఏమీ కనపడదు. వెలుతురు పక్కనుంచి పడితేనే అరిగిన అక్షరం లేచొస్తుంది. నక్షత్రం, దాని పక్కన కొసలు చీలిన శిలువ కనిపించాయా, అది షెఫీల్డ్ జోసెఫ్ రోడ్జర్స్ వాళ్ల సరుకు. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం, 1901 దాటదు. జి, ఆర్ ఉంటే మాత్రం తొందరపడకూడదు. వాళ్లకు రాజుగారి గుర్తింపు 1822లో, నాలుగో జార్జ్ హయాంలోనే దక్కింది. మరి ఇది ఆ జార్జా, 1910లో గద్దెక్కిన అయిదో జార్జా, ఆయన కొడుకు ఆరో జార్జా? అప్పుడిక 'ఇంగ్లాండ్' అన్న మాట కోసం వెతకాలి. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చాకే ఆ మాట చాకుల మీద మామూలైంది.

అసలు తిరకాసు దిగుమతిదారు ముద్రతో. న్యూయార్క్‌లో అడాల్ఫ్ కాస్టర్ సోదరులు జర్మనీలోని జోలింగెన్ నుంచి చాకులు తెప్పించి తమ పేరుతో అమ్మేవారు. 1902లో కమిలస్ కర్మాగారం కొన్నాకే సొంత తయారీ. పేరు చూసి అమెరికా చాకనుకుంటే పప్పులో కాలేసినట్టే. రెండో అలుగు కూడా విప్పి, వెనక్కి తిప్పి చూడాలి. 'జర్మనీ' అన్న ముక్క అక్కడెక్కడో నక్కి ఉంటుంది.

అప్పుడు మోసాలు లేవనడం లేదు. జర్మనీ చాకుల మీద షెఫీల్డ్ పేరు కొట్టి అమ్మితే, షెఫీల్డ్ వాళ్లు లబోదిబోమన్నారు. 1887లో బ్రిటన్ చట్టం చేసి 'మేడ్ ఇన్ జర్మనీ' కొట్టించింది. పరువు తీద్దామని కొట్టిస్తే, కొన్నాళ్లకు జనం ఆ మాట చూసే కొన్నారు! అయినా ఆ రోజుల్లో దొంగముద్రకు కూడా అచ్చు చెక్కే పనివాడు కావాలి. ఇప్పుడు లేజర్. ఏ పేరంటే ఆ పేరు, చిటికెలో.

పోనీ తేలికవైనా చదువుతారా? అమెరికాలో కేస్ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒకటి తీసేస్తూ వచ్చింది. మూడు చుక్కలుంటే 1977. ఒకటో తరగతి లెక్క. దానికీ ఫోనే తీస్తారు.

మొన్న మా వీధి కుర్రాడొకడు కొమ్ము పిడి చాకు తెచ్చాడు. తళతళలాడుతోంది, అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. తుప్పు మరకలున్నాయని సాన చక్రం మీద పెట్టించాడట. నూనెగుడ్డతో తుడిచి వదిలేస్తే సరిపోయేది. ముద్ర ఉండాల్సిన చోట ఓ గీత, సగం నక్షత్రం మిగిలాయి.

"ఏ సంవత్సరంది తాతగారూ?" అన్నాడు.

సాన పట్టినవాణ్ని అడగమన్నాను.