సింగరాయకొండ నుంచి సింగపూర్‌కు తలకిందుల సలహాలు

మా అమ్మాయి సింగపూర్‌లో కాపురం పెట్టి పదకొండేళ్ళయింది. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. కాన్పులకనీ, పిల్లలకు ఒంట్లో బాగోలేదనీ నేను పోయి ఉన్న రోజులన్నీ కూడితే ఏడాదికి పైనే. అపార్ట్‌మెంట్ కింద బెంచీల మీద మన తెలుగు తల్లులు ఒకరికొకరు చెప్పుకునే జాగ్రత్తలు చాలా విన్నాను. వాటిలో సగం తిరగేసి చేస్తేనే పిల్లలు బాగుంటారని నా నమ్మకం. "నీవన్నీ తలకిందుల సలహాలమ్మా" అంటుంది మా అమ్మాయి. అననీ. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లకాయల మధ్య బతికినదాన్ని, చెప్పకుండా ఉండలేను.

ముందు ఎండ సంగతి. పిల్లల్ని చెమట పట్టనివ్వండి. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉందని హడలిపోతారు గానీ, అక్కడ ఏడాది పొడుగునా 31, 32 డిగ్రీలకు అటూఇటూ. మా సింగరాయకొండలో మే నెలలో 40 దాటుతుంది. ఆ ఎండలో కోతికొమ్మచ్చి ఆడి పెరిగిన ఆడపిల్లలే అక్కడికి పోయి, తలుపులు మూసి ఏసీలో బిడ్డల్ని కూర్చోబెడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ భయం మనది కాదు, తెల్లవాళ్ళది. మా ఊరికి దగ్గర్లోనే రామాయపట్నం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1870ల్లో అక్కడ సముద్రం ఒడ్డున పాస్టర్ల చదువుకు సెమినరీ పెట్టారు. అంతకుముందే 1866లో ఆ మిషన్‌కే చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. ఆ రోజుల్లో ఈ దేశానికొచ్చే తెల్ల తల్లులకు పిల్లల పెంపకం నేర్పే పుస్తకాలుండేవి. ఉష్ణదేశంలో అయిదారేళ్ళు దాటి ఉంటే తెల్లబిడ్డకు ఒళ్ళూ బుద్ధీ రెండూ చెడతాయని డాక్టర్లే రాసేవాళ్ళు. కడుపుకు ఉన్నిగుడ్డ చుట్టమనేవాళ్ళు, తలకు బెండు టోపీ పెట్టమనేవాళ్ళు (మన పెళ్ళి బాసికాలకు వాడే జీలుగు బెండే అది). అన్నీ అయ్యాక, ఏడేళ్ళు రాకముందే ఓడెక్కించి స్వదేశం పంపెయ్యమనేవాళ్ళు. ఇంగ్లీషు రచయిత కిప్లింగ్‌ను 1871లో బొంబాయి నుంచి అలాగే పంపారు. ఆరేళ్ళు కూడా నిండలేదు. పరాయివాళ్ళ ఇంట్లో పడిన బాధను పెద్దవాడై కథగా రాశాడు, ముసలివాడై మళ్ళీ రాశాడు. కొడైకెనాల్ కొండ మీద 1901లో బడి పెట్టుకున్నాక, దక్షిణాదిలో ఉన్న అమెరికన్ మిషనరీ తల్లులకు బిడ్డల్ని ఇక్కడే చదివించుకునే దారి దొరికింది. ఎండకు భయపడి బిడ్డల్ని దూరం చేసుకున్న తల్లులు వాళ్ళు. ఆ భయం మనకెందుకు?

సింగపూర్‌లో బడిపిల్లల కళ్ళకు అద్దాలు ఎక్కువ. దూరపుచూపు తగ్గకుండా ఉండాలంటే రోజుకు 2 గంటలైనా బయటి వెలుతురులో తిరగనివ్వమని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. అక్కడ పొద్దు గుంకేది ఏడింటికి. అయిదింటికి కిందికి తోలండి, ఏడింటికి పిలవండి, స్నానం చేయించండి. భయపడాలని ఉంటే పూలకుండీ కింద పళ్ళెం చూసి భయపడండి. డెంగీ దోమ పుట్టేది అలాంటి నిలవ నీళ్ళలోనే, కుట్టేది ఎక్కువగా పగటిపూటే. ఇంటికొచ్చి తనిఖీ చేసి జరిమానా వేసే దేశం అది.

ఇక భాష. తెలుగు క్లాసులో చేర్పించే తొందర పడకండి. ఈ మాటకు చాలామంది నా మీద కోప్పడ్డారు. సింగపూర్‌లో 1975 నుంచి తెలుగు సమాజం ఉంది, వాళ్ళ శ్రమ మీద నాకు గౌరవమే. నేను చెప్పేది ఇంటి సంగతి. ఇంట్లో తెలుగుతో పని పడని బిడ్డకు ఆదివారం నేర్పిన "అ ఆ"లు సోమవారానికి ఉండవు. పాఠం మానేసి పని చెప్పండి. కూరగాయల అంగట్లో బెండకాయలు ఏరమనండి. అమ్మమ్మకు ఫోన్ చేసి పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో కనుక్కోమనండి. అడిగిన బిడ్డే గిన్నె దగ్గర నిలబడాలి.

తప్పు మాట్లాడితే దిద్దకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మా పెద్ద మనవరాలికి అయిదేళ్ళప్పుడు, ఫోన్‌లో "అమ్మమ్మ వచ్చాడు" అంది. టీచరు బుద్ధి పోదు కదా, "వచ్చాడు కాదు, వచ్చింది" అన్నాను. ఇంకో మాటకు మళ్ళీ దిద్దాను. ఆ బిడ్డ ఎనిమిది నెలలు నాతో తెలుగు మాట్లాడలేదు. "హలో అమ్మమ్మా" అని ఫోన్ తల్లికిచ్చి పోయేది. ఆ ఎనిమిది నెలలు నేను పడ్డ బాధ ఎవరికీ వద్దు.

బడిలో రెండో భాష దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. అక్కడి బళ్ళలో మాతృభాష కింద తెలుగు దొరకదు. భారతీయ భాషల్లో తమిళం ఉంది, అది కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తిరిగి దేశానికొస్తే పనికొస్తుందని మనవాళ్ళు ఎక్కువగా హిందీ తీసుకుంటారు. పెద్దదానికి అదే ఇప్పించారు, చక్కగా చదువుతోంది, కాదనను. చిన్నవాడికి మాత్రం తమిళం ఇప్పించేదాకా నేను ఊరుకోలేదు. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. రైలు స్టేషన్ బోర్డు మీద ఉంటుంది, పూలు అమ్మే ఆమె నోట్లో ఉంటుంది. మన కన్ను వాళ్ళకు కణ్, మన పాలు పాల్, మన ఊరు ఊర్. వాడు తమిళం నుంచి తెలుగుకు అడ్డదారి తొక్కుతున్నాడు. 1953 దాకా మేమూ మద్రాసు రాష్ట్రం వాళ్ళమే. మా నాన్న మద్రాసు పోయి తమిళంలోనే బేరాలాడి వచ్చేవాడు. సింగపూర్‌లో దిగే మనవాళ్ళకు అది పరాయి భాష అనిపిస్తుంది గానీ, మా ఇంటి మనవడికి పెద్దమ్మ భాషే.

ఇంగ్లీషు చివర "లా" తగిలించి మాట్లాడుతున్నారని కూడా తిట్టకండి. ఎక్కడ పెరిగే బిడ్డకు అక్కడి యాస రావాలి. మా నెల్లూరు సరిహద్దు యాసను గుంటూరు వాళ్ళు వెక్కిరిస్తే మేం మార్చుకున్నామా?

కారం గురించి ఒక్క మాట. ఆవకాయ ముక్క కడిగి పెట్టడం మూడేళ్ళకే మొదలుపెట్టండి. అక్కడివాళ్ళ సంబల్ అనే మిరప పచ్చట్లోనూ మన పండుమిరప పచ్చట్లోనూ ఉన్నది ఒకటే కాయ, పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చినదే.

ఊరికి డిసెంబరులో కాకుండా, మే చివర సెలవులివ్వగానే తీసుకురండి. చల్లగా ఉంటుందని డిసెంబరులో వస్తే వాళ్ళు చూసేది మా ఇంటి గోడలనే. మే నెలాఖరుకు ఉలవపాడు మామిడికాయ ఇంకా ఉంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఇల్లు కదలనివ్వను, మజ్జిగ తాగిస్తూనే ఉంటాను. సాయంత్రం పాకల సముద్రం. తెల్లవారుజామున నరసింహస్వామి కొండ. సింగరాయడంటే ఆ స్వామే. సింగపూర్ అన్నా సింహపురమే. నాలుగేళ్ళ కింద ఆ మెట్ల మీద ఈ మాట చెబితే చిన్నవాడు రెండు ఊళ్ళూ తనవే అన్నట్టు ఛాతీ విరుచుకున్నాడు.

పోయిన వేసవిలో వాళ్ళు రాలేకపోయారు. పెద్దది అక్కడే పచ్చి మామిడికాయలు కొనిపించి, ఫోన్ పెట్టుకుని ఆవకాయ కలిపింది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. అన్నీ తెలుగులోనే అడిగింది. రెండో రోజు మళ్ళీ ఫోన్ చేస్తే "ముక్క ఊరిందా?" అన్నాను.

"ఏ ఊరు పోయింది అమ్మమ్మా?"

దిద్దలేదు. "ఇంకా బయల్దేరలేదులే తల్లీ, రేపు మూడో రోజు, అడుగు నుంచి ఒకసారి కలుపు" అని చెప్పాను.