చచ్చాను బావా!

పెళ్లయ్యాక మొదటి సంక్రాంతికి ముదినేపల్లి అత్తారింట్లో ఉన్నాను. రాత్రి ఒంటిగంటకి పక్కగదిలోంచి "చచ్చాను బాబోయ్!" అని కేక. లుంగీ సవరించుకుంటూ పరిగెత్తాను. ఇంట్లో ఇంకెవరూ కదల్లేదు. "కంగారుపడకండి బాబూ, వాడు రోజూ నాలుగైదుసార్లు పోతుంటాడు" అని మా అత్తయ్య అటు తిరిగి పడుకుంది.

పోయినవాడు మా బావమరిది. ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఆటల పిచ్చోడు మీ ఇంట్లోనూ ఒకడుంటాడు గానీ, మీవాడి ఆటలో కనీసం బొమ్మలుంటాయి. మావాడిది నల్లతెర, దానిమీద ఇంగ్లీషు అక్షరాలు. ఈమెయిల్ అడ్రసులో 'ఎట్' గుర్తు ఉంటుందే, అది వీడు. 'డి' అంటే డ్రాగన్. ఆట పేరు రోగ్. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు రాశారు. 26వ అంతస్తు దాకా నేలమాళిగలు దిగి, తాయెత్తు పట్టుకుని, మళ్లీ పైకి రావాలి. గదులూ సందులూ ఆడిన ప్రతిసారీ కొత్తగా పుడతాయి కాబట్టి నిన్నటి దారి ఇవాళ పనికిరాదు. చస్తే చచ్చినట్టే, మళ్లీ మొదటి అంతస్తే. పైగా సమాధిరాయి గీసి, ఎవడి చేతిలో పోయాడో దానిమీద రాస్తుంది.

రాయి ఏం రాసినా మావాడి లెక్కలో హంతకుణ్ణి నేనే. "నువ్వు తలుపు తీశావ్ బావా, అప్పుడే తప్పు మీట పడింది." ఆటలో రంగు తప్ప ఏమీ తెలియని కషాయాలన్నీ గటగటా తాగేస్తాడు, ఇంట్లో పెరుగు పాకెట్ మీద తేదీ చూడందే ముట్టుకోడు. తెరమీద 'ఆకలేస్తోంది' అని పడగానే తిండి కోసం గదులన్నీ గాలిస్తాడు. వెనకాల అత్తయ్య పెట్టిన శీలావతి చేప పులుసు తెట్టు కట్టేస్తుంది.

ఓసారి నన్ను కైకలూరులో రైలెక్కిస్తానన్నాడు. "ఈ ఒక్క మెట్టు దిగి వస్తా బావా" అన్నాడు. రైలు వెళ్లిపోయింది. అది కాదు నా బాధ. ఆ ఆటలో మనం కదిలితేనే ఎదుటివాడు కదులుతాడట! మీట నొక్కకపోతే డ్రాగనైనా వారం రోజులు నోరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది. ఈ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

మామయ్యది చేపల చెరువు. అక్కడ ఎవరూ ఆగరు. మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే బొచ్చెలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు వెయ్యడం ఆలస్యమైతే ఏడాది పంట తెల్లగా తేలుతుంది. అందుకే ఆయనా నిద్రపోడు. టార్చి పట్టుకుని వెళ్తూ కొడుకు గదిలోకి తొంగిచూస్తాడు.

"ఆ 'ఏ' ఏంట్రా?"

"ఆక్వేటర్ నాన్నా. కవచానికి తుప్పు పట్టిస్తుంది."

"మన ఏరియేటర్ల కన్నా తొందరగానా?"

మొన్న ఆషాఢంలో గట్టుమీంచి మామయ్య కేక వినపడగానే మావాడు పందొమ్మిదో అంతస్తులో ఆట అలాగే వదిలేసి, చెప్పులైనా లేకుండా పరిగెత్తాడు. మోటార్లన్నీ వేసి, మోకాళ్లదాకా బురదతో ఏడింటికి వచ్చాడు. చేపలు దక్కాయి. ఆట ఎక్కడిదక్కడే ఉంది. కాళ్లు కడుక్కోకుండా కూర్చుని రెండే అడుగులేశాడు, "చచ్చాను బావా!"

ఆ పూట ఓదార్చడానికి పక్కన కూర్చోవడమే నేను చేసిన తప్పు. "నువ్వో చెయ్యి వెయ్యి" అన్నాడు. ఇప్పటికి నా పేరున పద్నాలుగు సమాధులు. అందులో మూడు, పెరుగన్నం కంచం ముందు పెట్టుకుని ఆకలితో పోయినవి.