మూడో సెట్

పెళ్లయి నెల తిరక్కముందే అతను గ్రీన్‌కార్డు ఫైలు మొదలుపెట్టాడు.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో మా పైవాటా వాళ్లది. అమ్మాయిది ఖమ్మం దగ్గర పల్లె. ఎమ్మెస్‌కి వచ్చి, ఆఖరి సెమిస్టర్‌లో ఉండగా ఈ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు అమెరికన్ సిటిజన్. ఆ ఒక్క మాట విన్నాక అటువైపు పెద్దవాళ్లు ఇంకేమీ అడగలేదు. వాళ్లను తప్పుపట్టలేను. ఉద్యోగం తరఫున గ్రీన్‌కార్డుకు వరుసలో నిలబడ్డ మనవాళ్లు పదేళ్లు దాటినా తమ ప్రయారిటీ డేట్ వచ్చిందా అని నెలనెలా వీసా బులెటిన్ చూసుకుంటూనే ఉన్నారు. పౌరుడి భార్యకు, పౌరురాలి భర్తకు ఆ వరుస లేదు, ఏడాదికి ఇన్నే ఇస్తామన్న లెక్కా లేదు. వాళ్లు రుజువు చేసుకోవలసింది ముఖ్యంగా ఒకటే. ఆ పెళ్లి కార్డు కోసం జరిగింది కాదు, కాపురం కోసం జరిగింది.

టెక్సస్‌లో మ్యారేజ్ లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి. ఆగి, గుళ్లో తాళి కట్టించుకుంది ఆ పిల్ల. తల్లిదండ్రులు ఫోనులోనే అక్షింతలు వేశారు.

ఇక ఫైలు. పౌరుడు వేసే పిటిషన్ ఐ-130. భార్య వివరాలకు ఐ-130ఎ. ఆమె అమెరికాలోనే ఉంది కాబట్టి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 కూడా అదే కవరులో వెళ్తుంది. ఉద్యోగం చేసుకునే అనుమతికి ఐ-765. భార్య పోషణ భారం నాదేనని భర్త సంతకం చేసే ఐ-864. అందులో పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక విడాకులైనా ఆ సంతకం రద్దు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రభుత్వం గుర్తించిన డాక్టరు పరీక్ష చేసి సీలు వేసిచ్చే కవరు వేరే. 2024 ఏప్రిల్‌లో పెరిగిన ఫీజుల ప్రకారం ఐ-130 కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఐ-485కి 1,440, ఐ-765కి 260. అతను వీటిని ఎక్సెల్ షీటులో ఎక్కించాడు. ఆ షీటుకు ఆ అమ్మాయి పేరే పెట్టాడు.

దరఖాస్తు తేలకముందు దేశం దాటి వెళ్లి రావాలంటే ఐ-131 అని ఇంకొకటి వేయాలి. దానికి 630. అది లేకుండా విమానం ఎక్కితే ఐ-485 వదులుకున్నట్టే లెక్క. "ఇప్పుడు ఇండియా వెళ్లాల్సిన పనేముంది?" అని అతను ఆ ఫారం జోలికి పోలేదు.

మిగతా అన్నిట్లో మాత్రం అంత శ్రద్ధగా ఫైలు కట్టిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అమ్మాయి జనన ధ్రువపత్రంలో పేరు లేదు. మనవైపు ఇది మామూలే. పుట్టిన వారంలో పంచాయతీలో రాయించేటప్పటికి బారసాల కూడా అయి ఉండదు. ఖమ్మంలో వాళ్ల నాన్నను మీసేవకు పంపించి, పేరు చేర్పించి కొత్తది తీయించాడు. అదొక్కటే సరిపోదేమోనని తల్లి చేత, మేనమామ చేత నోటరీ అఫిడవిట్లు రాయించాడు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణ.

ఆ తర్వాత కాపురం రుజువులు. అపార్ట్‌మెంట్ లీజులో ఇద్దరి పేర్లు. కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, కారు ఇన్సూరెన్సు, అన్నిట్లో ఇద్దరి పేర్లు. బ్యాంకులో జాయింటు ఖాతా, దాని స్టేట్‌మెంట్లు. జీవితబీమాలో ఆమె నామినీ. ఇద్దరూ కలిసి వేసిన టాక్స్ రిటర్ను. ఫొటోలు పెళ్లివి మాత్రమే పెడితే ఆఫీసరు నమ్మడని వంటింట్లో, కిరాణాకొట్లో, మా ఇంట్లో వినాయకచవితి నాడు తీసినవి ఏరి, ప్రతి ఫొటో కింద తేదీ, చోటు, పక్కనున్న వాళ్ల పేర్లు రాశాడు. తన పాస్‌పోర్టు ప్రతి పేజీ, పౌరసత్వ పత్రం రంగుల్లో జిరాక్స్ తీయించాడు. ఒక్కో విభాగానికి ఒక్కో రంగు ట్యాబ్. నన్నూ అఫిడవిట్ అడిగాడు. వాళ్లిద్దరినీ ఎప్పటినుంచి ఎరుగుదునో, ఏయే పండగలకు కలిశామో, ఏ ఇంట్లో కలిసి ఉంటున్నారో రాసిచ్చాను. అందులో ప్రతి మాటా నిజం.

అన్నిటికంటే పైన తను రాసిన రెండు పేజీల ఉత్తరం పెట్టాడు. పోస్టు చేసే ముందు నాకు చదివి వినిపించాడు కూడా. తనను పెళ్లాడడంలో ఆ అమ్మాయికి ఇంకే ఉద్దేశమూ లేదని, తమది నిజమైన దాంపత్యమని, ఇది అబద్ధమైతే చట్టప్రకారం శిక్షకు సిద్ధమని రాసి కింద సంతకం చేశాడు.

"ఈ ఫైలు చూశాక మా పెళ్లి నిజం కాదనే ఆఫీసరు అమెరికాలో ఉండడక్కా" అన్నాడు.

మూడు సెట్లు తీయించాడు. ఒకటి ప్రభుత్వానికి. ఒకటి తన బీరువాలోకి. మూడోది భార్య చేతికి. "ఇంటర్వ్యూలో నిన్ను విడిగా కూర్చోబెట్టి అడిగారంటే తడబడకూడదు. కంఠతా పట్టు" అన్నాడు. ఆ పిల్ల నిజంగానే పరీక్షకు చదివినట్టు చదివింది. ఖాతా ఏ బ్యాంకులో ఉందో, లీజు ఏ తారీఖున మొదలైందో, అత్తగారి పుట్టినరోజు ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

కాని ఆ జాయింటు ఖాతా డెబిట్ కార్డు ఏ రంగులో ఉంటుందో ఆమెకు తెలియదు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వర్క్ పర్మిట్ వచ్చి ఉద్యోగంలో చేరాక జీతం ఆ ఖాతాలోనే పడేది. ఆమె చేతికి మాత్రం వారానికి ఇంతని అతను లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఫోనులో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. కిరాణాకొట్లో పావుగంట ఆలస్యమైతే ఫోను. పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ కార్డు బీరువాలో, బీరువా తాళం అతని జేబులో. మా ఇంటికి రావడం తగ్గిపోయింది. మెట్ల దగ్గర ఎదురైతే నవ్వేది, ఆగేది కాదు.

మాటామాటా వచ్చినప్పుడల్లా అతను అనేది ఒకటే. "నువ్విక్కడ ఉన్నది నా సంతకం మీద. నేనొక్క ఉత్తరం రాస్తే చాలు. వారం తిరిగేసరికి ఖమ్మం బస్టాండులో ఉంటావు."

అది ఉత్తి బెదిరింపైతే ఏ లాయరో చెప్పి ధైర్యం ఇచ్చేవాడు. మంజూరయ్యేలోపు ఐ-130ని పౌరుడు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే దాని మీద నిలబడ్డ ఐ-485 కూలిపోతుంది. స్టూడెంటుగా ఉండే గడువు అప్పటికే అయిపోయింది. ఆ పిల్ల ఇవన్నీ చదివే ఉంది. అందుకే ఓర్చుకుంది. మన ఆడపిల్లల సహనం గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ సహనం వెనక ఏ ఫారం నంబరు ఉందో ఒకసారి అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

వాళ్ల నాన్నకు కంటి ఆపరేషన్. వెళ్లడానికి ఐ-131 లేదు. తన జీతంలోంచి రెండు వందల డాలర్లు స్నేహితురాలి ద్వారా పంపింది. అతనికి తెలిసిపోయింది. ఆ రాత్రి చెయ్యి చేసుకున్నాడు, ఫోను లాక్కున్నాడు, బయటికి నెట్టి తలుపు వేసుకున్నాడు. జనవరి చలిలో చెప్పులు లేకుండా మా గుమ్మంలో నిలబడింది. మావారు తలుపు తీశారు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. పోలీసులకు ఫోను చేస్తానంటే వద్దని నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన ఉత్తరం రాసేస్తాడక్కా."

పోలీసులను పిలిచాం. అతను ఉత్తరమూ రాశాడు. వారం తిరక్కముందే ఆమె ఈమెయిలుకు దాని కాపీ పంపించాడు. పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నానని, ఈమె గ్రీన్‌కార్డు కోసమే పెళ్లాడి తనను మోసం చేసిందని, ఒక్కరోజు కూడా భార్యలా ఉండలేదని అందులో ఉంది.

బట్టలు తెచ్చుకోవడానికి ఒక పోలీసు ఆఫీసరు తోడు వచ్చాడు. నేనూ వెళ్లాను. పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ కార్డు ఇప్పించారు. ఆమె మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి తెరిచింది. చలికోట్ల అడుగున మూడో సెట్. అతను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"తీసుకుపో. ఇక అవి చిత్తు కాగితాలే" అన్నాడు.

ఇలాంటి కేసులను డబ్బు తీసుకోకుండా చూసే ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ముందు ఆ అమ్మాయికి మంచినీళ్లిచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. 1994లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో తన భార్యను హింసిస్తే ఆమె ఇక అతని పిటిషన్ మీద ఆధారపడనక్కర్లేదు. తన పిటిషన్ తనే వేసుకోవచ్చు. దాని నంబరు ఐ-360. భార్య చేతిలో హింసపడే భర్తకూ అదే హక్కు. కొడితేనే హింస అని కాదు. డబ్బు, కాగితాలు, ఫోను గుప్పిట్లో పెట్టుకుని, పంపించేస్తానని బెదిరిస్తూ బతుకు నరకం చేయడమూ క్రూరత్వం కిందికి రావచ్చు. విడాకులైపోయినా, ఆ విడాకులకూ హింసకూ సంబంధం ఉంటే రెండేళ్లలోపు వేయవచ్చు. పోషిస్తానన్న భర్త సంతకం అక్కర్లేదు. ఇలా వేసిందని అధికారులు భర్తకు చెప్పకూడదు. భర్త చెప్పిన మాట ఒక్కదాన్నే పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోనూ కూడదు. ఐ-360కి ఆమె కట్టవలసిన ఫీజు లేదు.

ఆ అమ్మాయి వింటున్నదల్లా తలెత్తి నా వైపు చూసింది. ఎమ్మెస్ చదివిన పిల్ల. ఐ-130 నింపే సూచనలు పేజీ విడవకుండా చదివింది. ఐ-360 పేరు ఆ రోజే వింటోంది. మన పెళ్లిళ్లలో సిటిజన్ సంబంధం అని చెప్పే పెద్దలు ఈ నంబరు కూడా చెప్పి పంపాలి. అమెరికాలో గృహహింస సహాయానికి రాత్రీపగలూ పనిచేసే జాతీయ నంబరు 1-800-799-7233. అదీ చెప్పి పంపాలి. అక్కడ తెలుగు కావాలంటే దుబాసీని కలుపుతారు.

"అయితే రుజువులు కావాలి" అంది లాయరు. "హింసకు పోలీసు రిపోర్టు, నీ వాంగ్మూలం, వీళ్ల వాంగ్మూలం ఉన్నాయి. అక్కడితో అయిపోదు. అతను ఈ దేశపు పౌరుడని చూపాలి. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారని చూపాలి. నువ్వు మంచి మనసుతోనే పెళ్లి చేసుకున్నావని చూపాలి. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. కాగితాలన్నీ భర్త దగ్గరే ఉండిపోతాయి. కట్టుబట్టలతో వస్తారు. నీ దగ్గర ఏమున్నా పరవాలేదు, ఒక కరెంటు బిల్లు అయినా, ఒక ఫొటో అయినా."

అమ్మాయి ఒళ్లో ఉన్న ఫైలు తీసి బల్ల మీద పెట్టింది.

లాయరు ఎర్ర ట్యాబ్ తిప్పింది. అతని పౌరసత్వ పత్రం, పాస్‌పోర్టు ప్రతి పేజీ. పచ్చ ట్యాబ్ కింద లీజు, బిల్లులు. నీలం కింద బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాక్స్ రిటర్ను, బీమా. పసుపుపచ్చ కింద తేదీలతో ఫొటోలు. చివర మా అఫిడవిట్లు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంత పకడ్బందీ ఫైలు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఏ లాయరు కట్టించారు?"

"లాయరెవరూ లేరు మేడం. ఆయనే కట్టారు."

అతని ఉత్తరం మీద ఆఫీసు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోకముందే ఐ-360 పంపేశారు. భర్త పిటిషన్ స్థానంలో ఈ పిటిషన్‌ను ఆధారంగా తీసుకుని ఐ-485ను కొనసాగించాలని కోరుతూ ఒక లేఖ జతచేశారు. తీర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. నేను రెండో అఫిడవిట్ రాశాను. ఈసారి ఆ జనవరి రాత్రి మా గుమ్మంలో చూసింది రాశాను.

పోస్టు చేసే ముందు లాయరు సాక్ష్యాల పట్టిక మాకు చూపించింది. ఆ అమ్మాయి పెళ్లి నిజమైనదని రుజువు చేసే భాగంలో, ఎగ్జిబిట్ ఎ కింద, అతను సంతకం చేసిన ఆ రెండు పేజీల ఉత్తరం ఉంది.