ఒక పెండ్లి డీవీడీ ఆత్మకథ

నేను లాలాపేట్‌లోని ఒక గృహస్థుని బీరువాలో, పట్టుచీరల మడతల నడుమ, చిరకాలము వసించిన డీవీడీని. 2004వ సంవత్సరమున తార్నాక సమీపమునందలి ఒక ఫంక్షన్‌హాలులో జరిగిన పెండ్లి నా జన్మకు కారణము. వీడియోగ్రాఫరు టేపుపై బంధించిన దృశ్యములను కంప్యూటరున కూర్చి, నా యందలి రంగుపొరపై లేజరు కిరణముతో లిఖింపగా నేనుద్భవించితిని.

నా దేహధర్మమును ముందుగా విన్నవింతును. మన దేశపు టెలివిజన్ పద్ధతి ననుసరించి నాలో సెకండునకు 25 బొమ్మలు గలవు. ఒక్కొక్క బొమ్మ ఆయువు 40 మిల్లీసెకండ్లు. ధ్వనియో, 32 మిల్లీసెకండ్ల తునకలుగా విభక్తమై యున్నది. నాలుగు బొమ్మలు గడచునంతలో ఐదు ధ్వని తునకలు గడచును. అనగా 160 మిల్లీసెకండ్ల కొకసారి గాని వీని యెల్లలు కలియవు. ఇట్లు కొలతలు వేరైన రెండు ప్రవాహములను 2,048 బైట్ల గదులలో ఒకదాని వెంట నొకటిగా నింపుకొన్న నాలో, ఏ బొమ్మకు ఏ ధ్వని జోడో తెలుపునది కాలముద్ర యొక్కటే. సెకండును 90,000 భాగములుగా విభజించి, ఏది యెన్నవ భాగమున వెలువడవలెనో ఆ ముద్రలలో వ్రాసియుందురు. తార్నాక ఆరాధన వంటి థియేటర్లలో ఆడిన ఫిలింరీలునందు మాట, బొమ్మ ఒకే పట్టీపై నుండెను గనుక యంత్రము సరిగా నమరినచో వాటికి ఎడబాటు లేకుండెను. నాకట్టి భాగ్యము లేదు. ముద్ర చెడినను, దానిని చదువువాడు ఉపేక్షించినను, నా జంట విడిపోవును.

కాలక్రమమున ఇంట డీవీడీ ప్లేయరు మూలబడెను. నా యొడలిపై గీతలు పడెను. పెన్‌డ్రైవులోనికి మార్చి యిండని నన్నొక దుకాణమున నిచ్చిరి. ఆ సాయంకాలము ఇంటిల్లిపాదియు టీవీ ముందు చేరిరి. కాళ్లు కడుగు ఘట్టము వరకు అంతయు సవ్యముగా సాగెను. ముహూర్తము వచ్చెను, డోలుపై గట్టిమేళము చెలరేగెను, తెరపై వరుని చేతులింకను తాళిబొట్టు నందుకొనుచునే యుండెను. నాడు నాలో పెండ్లికూతురై కూర్చున్న ఆ తల్లి కూతురివైపు తిరిగి, “ఏందే బిడ్డా, గట్టిమేళం అయిపొయ్యినంక మీ నాయిన తాళి కడుతున్నడు?” అని విచారముతో నడిగెను.

ఉస్మానియాలో ఇంజనీరింగు చదువుచున్న ఆ బిడ్డ నన్ను చేతికి తీసుకొని వెలుతురున త్రిప్పి చూచెను. ఈ వ్యాధి మూడు విధములని ఆమె యెరుగును. ఆరంభమునుండి తుదివరకు ఎడము ఒకే రీతిగా నున్నచో, మొదటి కాలముద్రల భేదమును మార్పిడివేళ విస్మరించిరని యర్థము. ఎడము క్రమముగా పెరుగుచున్నచో వేగము తప్పినది; 25 బొమ్మల సెకండును 24 బొమ్మలుగా నడపినచో దృశ్యమున నిమిషము 62.5 సెకండ్లగును, ధ్వని మాత్రము 60 సెకండ్లలోనే ముగియును. ఒక చోట హఠాత్తుగా పుట్టి, పిమ్మట మారక నిలిచినచో అచ్చట ఏదియో నశించినది. నాది మూడవది. గీత పడిన తావున చదువరాని బొమ్మలకు బదులు మునుపటి బొమ్మనే నిలిపి సాఫ్ట్‌వేరు కాలమును పూరించెను గాని, నశించిన ధ్వనిని విడిచి తరువాతి ధ్వనిని ముందుకు జరిపెను. నూరు తునకలు పోయినచో 3.2 సెకండ్ల లోటు!

“డిస్కుల గీత పడ్డకాడ సౌండు పోయిందమ్మా, నేను సరిజేస్త” అని ఆమె కాలముద్రలను చూచి, పోయినంత మేర నిశ్శబ్దమును చేర్చెను. ముడి పడుచుండగానే మేళము మ్రోగెను.

ఇంత స్వల్పమైన ఎడము కొఱకు ఇంత శ్రమ యేల యని యెవరైన నడుగవచ్చును. ధ్వని 45 మిల్లీసెకండ్లు ముందైనను, 125 మిల్లీసెకండ్లు వెనుకైనను మనుష్యుడు పసిగట్టునని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిర్ణయించినది. మెఱుపు పిదప ఉరుము వచ్చు లోకమున పుట్టినవాడు గనుక ధ్వని వెనుకబడుటను కొంత సహించును, ముందుపడుటను సహింపలేడు. మంగళవాద్యము నేపథ్యమున సాగునప్పుడు దోషము కానరాదు. పెదవి కదలికలోను, డోలుపై పుల్ల పడుటలోను బయటపడును.

కావున, మా వంటి డిస్కులు గలవారికి నా విన్నపము: మాయందలి రంగుపొర కాలముతో వెలియును; ఇంకను చదువ వీలుండగానే డిస్కు నంతటిని యథాతథముగా ఒక ప్రతి తీయించుకొనుడు. ఆ ప్రతినుండియే మార్పించుడు. మార్చినదానిని మొదట, నడుమ, తుదిని, మాట యాడు చోట చూడుడు. అన్నియు సరిపోయినను మూలమును పారవేయకుడు.