వయా అమ్మ

మా ఇంట్లో తండ్రి ప్రేమకి డైరెక్టు సర్వీసు లేదు. ఎప్పుడూ వయా అమ్మే. మా నాన్నకి జ్వరమొస్తే తాతయ్య ఆ మంచం పక్కనే నిలబడి, "వాడికి తగ్గిందేమో కనుక్కో" అని నాన్నమ్మతో అనేవారట. మా నాన్న నాకు సైకిల్ కొని, తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి వీధిలోకి వెళ్లిపోయారు. నేను ఆధునికుణ్ణి కదా, మా అమ్మాయికి చెప్పాల్సింది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి మా ఆవిణ్ణి ట్యాగ్ చేస్తాను.

ఇలా మనసులోది పైకి చూపించకపోవడాన్ని సంస్కారం అనుకునేవాణ్ణి. "పసివాడప్పుడు ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లినా కిక్కురుమనేవాడు కాదు, బంగారం" అని నాన్నమ్మ నా పెళ్లిచూపుల్లో కూడా చెప్పింది. ఆ బంగారాన్ని మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు గీటురాయి మీద పెట్టేసింది. బాల్టిమోర్‌లో ఆవిడ, తల్లి గదిలోంచి కాసేపు బయటికెళ్లి తిరిగొస్తే ఏడాది పిల్లలు ఏం చేస్తారో గమనించింది. చాలామంది ఏడ్చి, అమ్మ రాగానే చంకెక్కి ఊరుకున్నారు. కొందరు తలెత్తనైనా ఎత్తకుండా బొమ్మలాడుకున్నారు. అచ్చం నేనే! తర్వాతివాళ్లు ఈ రెండో రకం పిల్లల గుండె వేగం కొలిచారు. పైకి బుద్ధుడు, లోపల దడదడ.

ఐన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్ 1980లలో పెద్దవాళ్లనే కూర్చోబెట్టింది. చిన్నప్పుడు మీ అమ్మతో, నాన్నతో ఎలా ఉండేదో ఐదు మాటల్లో చెప్పండి, ఒక్కోదానికీ ఒక సంఘటన చెప్పండి అని. నాన్న గురించి నేనూ రాశాను: ప్రేమ, త్యాగం, క్రమశిక్షణ, గాంభీర్యం, మంచితనం. ప్రేమకి ఉదాహరణ, సైకిల్. త్యాగానికి? సైకిలే. మిగతా మూడింటికీ ఆ సైకిలే తొక్కాను.

పొగడ్తలు దండిగా ఉండి సంఘటనలు గుర్తు రాకపోతే ఆ పొగడ్తల్ని అనుమానించాల్సిందేనట. 1991లో అచ్చయిన లండన్ అధ్యయనంలో గర్భిణుల్ని ఇవే ప్రశ్నలడిగి, జవాబు చెప్పిన తీరుని బట్టి, బిడ్డకి ఏడాది వచ్చేసరికి తల్లి దగ్గర నిబ్బరంగా ఉంటుందో లేదో సుమారు 75 శాతం సరిగ్గా చెప్పారు. మా పురోహితుడి ముహూర్తాలకే అంత స్ట్రైక్ రేటు లేదు. పైకి కిక్కురుమనకపోవడం జబ్బేం కాదు గానీ, ఆ రెండో రకం పిల్లలకి పెద్దయ్యాక దిగులూ ఆందోళనా పట్టుకునే అవకాశం కాస్త ఎక్కువట. బాల్యం ఎలాంటిదైనా, దాన్ని దాచకుండా సూటిగా చెప్పుకోగలిగినవాళ్ల దగ్గర తరం నుంచి తరానికి వచ్చే ఈ వరస ఆగిపోవచ్చనీ అన్నారు.

ధైర్యం చేసి, వయా ఎవరూ లేకుండా మా అమ్మాయి ముందు కూర్చున్నాను. "తల్లీ, నాన్న గురించి ఐదు మాటలు చెప్పు."

అది నన్ను ఎగాదిగా చూసి, వంటింట్లోకి కేకేసింది.

"అమ్మా, నాన్నకి ఏం కావాలో కనుక్కో!"