లోనావాలాలో ఏం జరిగింది?

ఢిల్లీలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బయటపడబోతోంది. ఆపడానికి వెళ్ళిన ఇద్దరూ లోపలే చిక్కుకుపోయారు. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ వెబ్‌సిరీస్ మొదటి సీజను పదో ఎపిసోడు సరిగ్గా అక్కడ ఆగింది. 2019 సెప్టెంబరు 20న విడుదలైతే ఆ వారాంతంలోనే మొత్తం చూసేశాను. లైటార్పి పడుకుని నేను తల్లడిల్లింది మాత్రం ఢిల్లీ జనం కోసం కాదు. నిఘా విభాగంలో పనిచేసే హీరో శ్రీకాంత్ తివారీ భార్య సుచి, తనతో పనిచేసే అరవింద్‌తో కలిసి ఆఫీసు పని మీద లోనావాలా వెళ్ళింది. ఆ రాత్రి హోటల్లో ఏం జరిగింది? అది చూపించకుండా దర్శకులు మనల్ని గడప బయటే నిలబెట్టేశారు. నా నిద్ర చెడగొట్టిన జాతీయ భద్రతా సమస్య అదీ.

అప్పటికే నాకు యాభై దాటాయి. ఇంజనీరింగు చదివే కూతురుంది. అయినా సాయంత్రం నడకకు వెళ్తే మా ఆవిడతో ఇదే చర్చ. ఏమీ జరిగి ఉండదని ఒకరోజు నిరూపిస్తాను, జరిగే ఉంటుందని మర్నాడు వాపోతాను. ‘యమదొంగ’లో ప్రియమణిని చూసిన కళ్ళతో సుచిని తప్పుపట్టడం కష్టమే. కానీ ఇంటిపట్టున ఉండక, ఏ ఉద్యోగం చేస్తున్నాడో పెళ్ళానికి కూడా సరిగా చెప్పలేక నలిగిపోయే ఆ మనోజ్ బాజ్‌పాయి మొహం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

“మనకెందుకండీ వాళ్ళ సంసారం?” అంది మా ఆవిడ.

“మనకెందుకంటావేంటి? ఆ ఇద్దరు పిల్లలూ ఏమైపోవాలి?”

“మన పిల్ల సెమిస్టరు ఫీజు కట్టారా?”

కట్టలేదు.

ఈ పిచ్చికి ఊరిపిచ్చి తోడైంది. ఆ సిరీస్ సృష్టికర్తల్లో రాజ్ నిడిమోరుది మా తిరుపతి, కృష్ణ డీకేది చిత్తూరు. ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తూ సినిమాల్లోకి మళ్ళినవాళ్ళు. ఈ సంగతి తెలిసిన రోజున మా ఆఫీసులో ఉత్తరాది కుర్రాడొకడితో, “ఆ కాలేజీ పక్కనే నేను రోజూ టీ తాగేవాణ్ణి, వాళ్ళని చూసే ఉంటాను” అన్నాను. కొన్నాళ్ళకు అది “చూశాను” అయింది. రెండో సీజనులో సమంత నటిస్తోందని ఖాయమయ్యాక, “డీకే మంచి మాటకారి, అప్పుడే అనుకున్నాను” దాకా వెళ్ళింది. ఆ కుర్రాడు పాపం నమ్మాడు. వాళ్ళు నిర్మించిన తెలుగు సినిమా ‘డీ ఫర్ దోపిడి’ బాగుంటుందా అని అడిగాడు కూడా. నేను చూడలేదు. చాలా బాగుంటుందని చెప్పాను.

రెండో సీజను 2021 ఫిబ్రవరి 12న అని ప్రకటన వచ్చింది. శుక్రవారం. ఆ రోజు ఆఫీసుకు వెళ్తే, సాయంత్రంలోగా ఎవడో ఒకడు కథ చెప్పేస్తాడు. అందుకని దగ్గరి బంధువుల పెళ్ళి ఉందని ముందే సెలవు చీటీ రాసిచ్చాను. మా మేనేజరు గారు సంధ్యావందనం తప్పని మనిషి. చీటీ చూసి కళ్ళజోడు తీసి, “మూఢంలో పెళ్ళేంటయ్యా?” అన్నారు. సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచీ గురు మూఢమట, అది వదలగానే శుక్ర మూఢం అందుకుంటుందట. నాకేం తెలుసు? “రిజిస్టరు పెళ్ళి సార్, ప్రేమ వ్యవహారం” అన్నాను. ఆయన జాలిగా సంతకం పెట్టారు.

తేదీ దగ్గరపడ్డాక సీజను వేసవికి వాయిదా పడిందన్నారు. సెలవు రద్దు చేసుకుందామంటే పెళ్ళి ఆగిపోయిందని చెప్పాలి. లేని పెళ్ళే అయినా ఆగిపోయిందనడానికి నోరు రాలేదు. ఆ శుక్రవారమంతా మా ఆవిడ నా చేత అటక దులిపించింది. సోమవారం ఆఫీసుకు వెళ్తే మేనేజరు గారు, “పెద్దవాళ్ళు సర్దుకున్నారా?” అని అడిగారు. అమ్మాయి తరఫువాళ్ళు ఇంకా అలక మీదే ఉన్నారన్నాను.

మే నెల గురించి ఎక్కువ రాయలేను. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. మధ్యాహ్నం పన్నెండు దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఫోను మోగితే ఎత్తడానికి భయం. అలాంటి రోజుల్లో, మే 19న కొత్త ట్రైలరు వస్తే అదేపనిగా మళ్ళీమళ్ళీ చూసుకుని మురిసిపోయాను. సిగ్గుగానే ఉండింది. కానీ ఫలానా తేదీకి ఫలానాది జరుగుతుందని ఎవరైనా గట్టిగా చెబుతున్నది ఆ ఒక్క విషయంలోనే. జూన్ 4.

ఆ ట్రైలరు చూసి తమిళనాట కోపాలొచ్చాయి. ఈళం తమిళులను ఉగ్రవాదులుగా చూపిస్తున్నారని నాయకులు ఢిల్లీకి లేఖలు రాశారు, ఆపేయమన్నారు. మా పైవాటాలో అద్దెకున్న తమిళాయన కూడా అదే మాటంటే, నేను మేడమెట్ల మీద నిలబడి, నేనే తీసినట్టు వాదించాను. అప్పటికి ఒక్క ఎపిసోడైనా ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. ఆయన బాధకు ఒక చరిత్ర ఉంది. నాకున్నదల్లా లోనావాలా.

జూన్ 3న మధ్యాహ్నమే నిద్రపోయి, అర్ధరాత్రికి సిద్ధంగా ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టించుకున్నాను. అంతకుముందే ఇంట్లో అందరికీ మొదటి సీజను మళ్ళీ చూపించి, పరీక్షల ముందులా పునశ్చరణ కూడా చేయించాను. పదకొండు ప్రాంతంలో బెంగళూరు నుంచి మేనల్లుడి ఫోను.

“మామా, శ్రీకాంత్ సాఫ్ట్‌వేరు ఆఫీసులో కూర్చోవడం భలే ఉంది కదా?”

“ఏ ఆఫీసురా?”

“నువ్వింకా మొదలుపెట్టలేదా? సాయంత్రమే వచ్చేసింది కదా!”

ముందే వదిలేశారు! ఇంతకాలం కాపలా కాసి, సరిగ్గా పెళ్ళివారు దిగే వేళకు కునుకు తీసినవాణ్ణయ్యాను. వాడి నోరు మూయించి, తొమ్మిది ఎపిసోడ్లూ తెల్లారి ఎండెక్కేదాకా చూశాను. ఢిల్లీ గ్యాసు గొడవను మాటల్లోనే తేల్చేశారు, నేను పట్టించుకోలేదు. శ్రీకాంత్‌కు సలహాలిచ్చే చెల్లం సార్ వచ్చినప్పుడల్లా నవ్వాను. నల్లబడ్డ మొహంతో, మాట పెగలని రాజీగా సమంతను చూస్తుంటే, ఆమె అంత నటి అని నేనెప్పుడూ అనుకోలేదే అనిపించింది. పైవాటా ఆయన మాటల్లో కొంత నిజముందని కూడా అప్పుడే అనిపించింది, ఆయనకు చెప్పలేదు. సుచి ఏడ్చింది, శ్రీకాంత్ నలిగాడు, కూతురు ప్రమాదంలో పడింది. లోనావాలా మాత్రం బయటికి రాలేదు.

నా పక్కనే కూర్చుని అంతా చూసిన మా ఆవిడ లేస్తూ, “వాళ్ళు చెప్పేస్తే మీరు మూడో సీజను చూస్తారా?” అని వంటింట్లోకి వెళ్ళింది.

చూసేవాణ్ణే. అది 2025 నవంబరు 21న వచ్చింది, మళ్ళీ శుక్రవారమే. మేనేజరు గారు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు, పంచాంగం ఆయన బల్ల మీదే ఉంది. అందుకని ఈసారి పంటి నొప్పి అని రాశాను. దానికి మూఢం అడ్డం రాదు.