లక్నవర విహార పద్యత్రయం: టీకా తాత్పర్య సహితం

పీఠిక

శాస్త్రగ్రంథం మొదలుపెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పి తీరాలని పెద్దల మాట. ఇందులో విషయం: హైదరాబాదు కుటుంబమొకటి ఎండాకాలం సెలవుల్లో రెండో శనివారాన్నీ ఆదివారాన్నీ కలుపుకొని ములుగు జిల్లా లక్నవరం చెరువుకు పోయిరావడం. ప్రయోజనం: విశ్రాంతి. అది ఎవరి విశ్రాంతి అన్నది మూడో పద్యం దాకా తేలదు. సంబంధం: కొంత రక్తంతో వచ్చినది, కొంత పెళ్లితో వచ్చినది. అధికారి: ఐదుగురు పట్టే కారూ, దీవి మీది కాటేజీలో ముందుగా దొరికిన గదీ ఉన్నవాడు.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి కట్టుబడితే ఈ వ్యాఖ్యే ఉండదు.

మూలానికి రెండు ప్రతులు దొరికాయి. ఒకటి కుటుంబ వాట్సాప్ గ్రూపులోది, రెండోది ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం. రెండింటిలోనూ కవి పేరు లేదు. ఇంటి పెద్ద కనుక తండ్రే కవి అని వాడుక. దాని సంగతి చివర చూద్దాం.

మొదటి పద్యం (ఆటవెలది)

ఎండ సెలవు వచ్చె నిల్లాలు పిల్లలు
చెరువు చూడవలయుఁ జేరి యనిరి
ఐదు గంటలకునె యందఱు లేవుడీ
అనిన తండ్రి మేలుకొనెను కడకు

ప్రతిపదార్థం: ఎండ సెలవు = వేసవి సెలవు; వచ్చెన్ = వచ్చినది; ఇల్లాలు పిల్లలు = భార్యయు బిడ్డలును; చేరి = ఒకచోట కూడి (టీవీ రిమోట్ తీసి దాచి అని భావము); చెరువు చూడవలయున్ = చెరువును చూడవలసినదే; అనిరి = పలికిరి; ఐదు గంటలకునె = తెల్లవారుజామున ఐదింటికే; అందఱు లేవుడీ = మీరందరును లేవండి; అనిన తండ్రి = అని ఆజ్ఞాపించిన ఆ తండ్రియే; కడకున్ = అందరి తరువాత; మేలుకొనెను = నిద్ర లేచెను.

తాత్పర్యం: ఆజ్ఞ ఇచ్చినవాడు ఆజ్ఞకు లోబడడు.

విశేషాలు: ఐదింటికే ఎందుకు? హైదరాబాదు నుంచి లక్నవరం సుమారు 220 కిలోమీటర్లు. 163వ జాతీయ రహదారి పట్టుకొని భువనగిరి, ఆలేరు, జనగామ, వరంగల్, ములుగు దాటి గోవిందరావుపేట దాకా పోవాలి. మే నెల ఎండ నెత్తికెక్కక ముందే వరంగల్ దాటితే పిల్లలు కొట్టుకోరని అనుభవజ్ఞుల మతం.

పిల్లల ఫోన్లలో ‘ఏడు గంటలకునె’ అని ఒక పాఠాంతరం కనిపిస్తున్నది. ఇది గ్రాహ్యం కాదు. ‘ఐదు’లోని ఐకారానికి ‘అందఱు’లోని అకారంతో యతి చెల్లుతుంది. ‘ఏడు’ అంటే ఏకారానికి అకారంతో చెల్లదు. కనుక ఐదింటికి లేవడం ఎండ వల్ల కాకపోయినా ఛందస్సు వల్లనైనా తప్పదు.

నాలుగో పాదంలో యతి లేదని తొందరపడకూడదు. ‘అనిన’కు ‘కొనెను’తో ప్రాసయతి. ఆ తండ్రి అనడానికీ మేలుకొనడానికీ మధ్య కుదిరిన సంబంధం ఇదొక్కటే.

రెండో పద్యం (కందం)

పులిహోర కట్టఁబడియెను
జలమున సీసాలు నిండె జాముకు ముందే
తలుపుకుఁ దాళము పడినది
పలుమఱు హారన్ మొరసెను బాపురె తండ్రీ!

ప్రతిపదార్థం: పులిహోర = చింతపండు పులిహోర (నిమ్మకాయది కాదు; కారణం కింద చెప్పబడును); కట్టఁబడియెను = మూట కట్టబడినది; జలమునన్ = నీటితో; సీసాలు = మంచినీళ్ల బాటిళ్లు; జాముకు ముందే = కోడి కూయక మునుపే; నిండెన్ = నిండినవి; తలుపుకున్ = వీధి తలుపునకు; తాళము పడినది = తాళము వేసికొన్నది; హారన్ = కారు బూర; పలుమఱు = మాటిమాటికి; మొరసెను = మోగెను; బాపురె తండ్రీ = ఔరా తండ్రీ!

తాత్పర్యం: ప్రయాణానికి కావలసినవన్నీ వాటంతట అవే అయినవి.

విశేషాలు: ఈ కావ్యానికి ప్రాణం ఈ పద్యం. నాలుగు వాక్యాలున్నాయి, నాలుగు క్రియలున్నాయి, కర్తృస్థానంలో ఒక్క మనిషీ లేడు.

మొదటిది కర్మణి ప్రయోగం. మాట్లాడే తెలుగులో ‘బడు’ ధాతువు సాధారణంగా రాదు. సర్కారు ఉత్తర్వుల్లో వస్తుంది, ఇంట్లో ఆడవాళ్లు చేసిన పనిని మగవాళ్లు వర్ణించేటప్పుడు వస్తుంది. రెండో వాక్యం దానికంటే ముదురు: సీసాలు నింపబడను కూడా లేదు, నిండాయి. కుళాయి దగ్గరికి అవే నడిచిపోయి, మూతలు అవే తీసుకొని, ఫ్రిజ్‌లో అవే పడుకొన్నాయన్నమాట. మూడోదానిలో తాళం తనంత తాను పడింది. గ్యాస్ కట్టేసి, మోటారు ఆపి, పెరటి తలుపు గడియ రెండుసార్లు లాగిచూసిన చేయి పద్యంలో లేదు. నాలుగోది హారన్. దానికీ కర్త లేడు గానీ, స్టీరింగు ముందు కూర్చున్నదెవరో చెప్పనక్కరలేదు.

చింతపండు పులిహోరే ఎందుకంటే, నూనె తేలేదాకా ఉడికిన పులుపు ఎండలో కూడా సాయంత్రం వరకు అన్నాన్ని చెడనివ్వదు. దానికి పులుసు ముందురోజు రాత్రే ఉడకాలి. అన్నం పలుకుగా వార్చి, పళ్లెంలో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, ఆ తరువాత పోపు కలపాలి. ‘కట్టఁబడియెను’ అన్న ఒక్క క్రియ ఇన్ని క్రియలను మింగి కూర్చుంది. లాక్షణికులు ఎనిమిది రకాల నాయికలను చెప్పారు. అన్నీ సిద్ధం చేసుకొని ఎదురుచూసే వాసకసజ్జికలో ఈమెను చేర్చవచ్చునని కొందరంటారు. వాసకసజ్జిక పడకా పూలూ సర్దుకుంటుందే గానీ, పిల్లల ఈత బట్టలూ వాంతి మాత్రలూ సర్దుకున్నట్టు ఏ లక్షణ గ్రంథమూ చెప్పలేదు. కనుక ఈమె తొమ్మిదో నాయిక.

‘బాపురె’ మెచ్చుకోలు మాట. మెచ్చుకొంటున్నట్టే తిడుతున్నది గనుక వ్యాజస్తుతి అలంకారం. ఇక ‘తండ్రీ’ అన్న సంబోధన. ఈ ఇంట్లో పిల్లలు ‘డాడీ’ అంటారు. భార్య ‘ఏమండీ’ అంటుంది. మరి ‘తండ్రీ’ అన్నదెవరు? పాఠకులు ఈ ప్రశ్నను మడిచి జేబులో పెట్టుకోవాలి.

గ్రంథపాతం

రెండు, మూడు పద్యాల నడుమ కొంత గ్రంథం లోపించింది. దారి పొడుగునా జరిగినది ఊహించి పూరిస్తున్నాం. భువనగిరి దగ్గర ఏకశిల మీది కోటను కిటికీలోంచి పిల్లలకు చూపించారు, వాళ్లు ఫోన్లలోంచి తల ఎత్తారు, దించారు. యాదగిరిగుట్ట దారి వచ్చినప్పుడు నానమ్మ కూర్చున్నచోటనే దండం పెట్టుకుంది, దిగుదామనలేదు. జనగామలో టీ తాగారు. ములుగు దాటాక రామప్ప గుడి బోర్డు కనిపించింది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడి. ‘వచ్చేటప్పుడు చూద్దాం’ అన్నాడు తండ్రి. ఈ వాక్యానికి అర్థం ‘చూడం’ అని.

మూడో పద్యం (తేటగీతి)

పడవ యెక్కి కూర్చున్నది పనులు మఱచి
నలుదెసల నీరు పిలువఁగ నరుఁడు లేఁడు
గణపతినృపుండు కట్టించెఁ గాలువలకు
చెరువు నేఁడొక యమ్మకు సెలవు నిచ్చె

ప్రతిపదార్థం: పనులు మఱచి = చేయవలసినవి, చేసినవి, చేయనివి అన్నియు మరచి; పడవ యెక్కి కూర్చున్నది = పడవలో కూర్చొని యున్నది; నలుదెసలన్ నీరు = నాలుగు దిక్కులను నీళ్లే; పిలువఁగన్ = పిలుచుటకు; నరుఁడు లేఁడు = మనిషి లేడు; గణపతినృపుండు = కాకతీయ గణపతిదేవుడు; కాలువలకున్ = సాగునీటి కాలువల కొరకు; కట్టించెన్ = నిర్మింపజేసెను; చెరువు = ఆ లక్నవరము; నేఁడు = ఈ దినమున; ఒక యమ్మకున్ = ఒకానొక తల్లికి; సెలవున్ ఇచ్చెన్ = సెలవు మంజూరు చేసినది.

తాత్పర్యం: పొలాలకు నీరిమ్మని కట్టిన చెరువు ఎనిమిది వందల ఏళ్ల తరువాత ఒక తల్లికి అరగంట తీరిక ఇచ్చింది.

విశేషాలు: గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలినవాడు. గుట్టల మధ్య సందులకు కురుచ కట్టలు వేస్తే మిగతా గట్టు పని గుట్టలే చూసుకుంటాయని కాకతీయుల కాలపు నేర్పు. లక్నవరం అలా పుట్టినదే. గుట్టలు మునిగినచోట వాటి నెత్తులు దీవులయ్యాయి. ఒడ్డు నుంచి దీవికి వేలాడే వంతెన ఉంది. దాన్ని పిల్లలు కావాలనే ఊగిస్తారు, పెద్దలు కావాలనే కోప్పడతారు. యాసంగి వరికి నీళ్లు వదిలాక మే నెలలో చెరువు కొంత తగ్గి, ఒడ్డున ఎర్రమట్టి అంచు బయటపడుతుంది. ‘నీళ్లు తక్కువున్నయి’ అని సందర్శకులు నొచ్చుకొనేది దాన్ని చూసే. ఆ తగ్గిన నీళ్లే కింద వడ్లయ్యాయి గనుక నొచ్చుకోవడం అనుచితం.

2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయడానికి మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. సాగునీరు, భూగర్భజలం, పొలాలకు పూడికమట్టి అని దానివల్ల కలిగే మేళ్లు చెప్పారు. తల్లికి సెలవు అన్న మేలు ఎవరి జాబితాలోనూ లేదు. కవి దాన్ని చేర్చాడు.

పూర్వపక్షం 1: ‘పిలువఁగ నరుఁడు లేఁడు’ అన్నది అబద్ధం. పడవ నడిపేవాడు నరుడు కాడా?
సమాధానం: నరుడే. అయితే తువ్వాలెక్కడ, చార్జర్ ఎక్కడ, నా చెప్పులో ఇంకోటెక్కడ అని అతడు అడగడు. అలా అడిగే నరులు ముగ్గురూ, అంటే తండ్రీ ఇద్దరు పిల్లలూ, స్పీడ్ బోటు ఎక్కి దూరంగా నురగలు లేపుకొంటూ పోయారు. ఈమె అత్తగారితో కలిసి పెద్ద పడవలో ఉంది.

పూర్వపక్షం 2: ఒళ్లు పడవలో ఉన్నా మనసు వంటింట్లోనే ఉంటుంది. ‘పనులు మఱచి’ అనడం అతిశయోక్తి.
సమాధానం: మనసు అక్కడే ఉండి ఉంటే ‘అత్తమ్మా, గ్యాస్ బంద్ చేసిన్నా లేదా?’ అని పక్కనున్నామెను అడిగేది. అడిగి ఉంటే కవికి తెలిసేది.

కవికి ఎలా తెలిసేది? ఇక్కడే గ్రంథకర్త బయటపడుతున్నాడు.

కవి నిర్ణయం

తండ్రి కవి కాడు. అందరికంటే చివర లేచినవాడికి తనకంటే ముందెవరు లేచారో చూసిన సాక్ష్యం ఉండదు. మూడో పద్యం వేళకు అతడు స్పీడ్ బోటులో ఉన్నాడు, పెద్ద పడవలో ఎవరు ఏం మరచారో అతడికెలా తెలుసు? తల్లి కవి కాదు, ఆమె వర్ణ్యవస్తువు. పిల్లలు కారు, వాళ్ల పాఠాంతరంలో యతి చెడింది.

మిగిలింది నానమ్మ. నడివయసు కొడుకును ‘తండ్రీ’ అని పిలిచే హక్కు కన్నతల్లికే ఉంది. ఐదుకు ముందే లేచి అతడి నిద్ర చూసినది ఆమె. హారన్ మోగినన్ని సార్లూ గడప దగ్గర విన్నది ఆమె. పడవలో కోడలి పక్కన కూర్చున్నదీ ఆమే. కాబట్టి పైన ‘కవి చేర్చాడు’ అన్నచోట ‘చేర్చింది’ అని దిద్దుకోవాలి.

దీనితో రెండో పద్యానికి అర్థం మారుతుంది. కర్తలను మింగింది ఇంట్లోని మగవాళ్ల మతిమరుపు కాదు. జాముకు ముందు ఆ వంటింట్లో రెండు జతల చేతులున్నాయి. పులుసు ఉడికించినది ఒకరు, అన్నం ఆరబోసినది ఒకరు. అందులో ఒక జత తనదే గనుక, నేను చేశానని చెప్పుకోవడం ఎబ్బెట్టని కవయిత్రి కర్మణి ప్రయోగం చాటుకు తప్పుకుంది. తాను తప్పుకొంటూ కోడలినీ తప్పించిందేమని అడిగేవారికి మూడో పద్యమే జవాబు: అక్కడ ‘కూర్చున్నది’ అన్న క్రియకు కర్త కోడలే. వండినప్పుడు పేరు లేదు, కూర్చున్నప్పుడు పేరుంది. ఈ కావ్యం చెప్పదలచుకొన్నది ఇంతే.

‘ఒక యమ్మకు’ అన్నచోట ఇంకో చిక్కుంది. పడవలో అమ్మలిద్దరు, సెలవు ఒకరికే వచ్చిందని కవయిత్రి లెక్క. తనను లెక్కలోంచి తీసేసుకోవడం ఆమెకు అలవాటు కనుక ఆ లెక్కను వ్యాఖ్యాత ఒప్పుకోడు. చేతిలో గరిటె ఉన్న ఇన్నేళ్లలో రాని పద్యాలు గరిటె లేని అరగంటలో మూడొచ్చాయి. ఆమెకూ ఆ పూట సెలవే.

ఫలశ్రుతి

ఈ పద్యత్రయాన్ని పడుకొనే ముందు చదివిన తండ్రులు ఐదింటికే లేచెదరు. చదివిన పిల్లలు తమ సీసాలు తామే నింపుకొనెదరు. చదివిన అత్తాకోడళ్లకు దీవిలో కిటికీ చెరువు వైపు తెరుచుకొనే గది దొరుకును. తిరిగి వచ్చిన మరునాడు సోమవారమున మట్టి పట్టిన బట్టలన్నియు ఉతుకబడును. ఈ చివరి వాక్యానికి కర్తగా ‘తండ్రిచేత’ అని చేర్చుకొని చదవాలని వ్యాఖ్యాత మనవి. ఛందస్సు అడ్డురాదు, అది వచనం.